ఆదివారం చర్చి, సోమవారం తహసీల్దార్ ఆఫీసు

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు రాష్ట్రంలోని వేలాది పల్లెల్లో గుసగుసలకు దారితీసింది. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టర్ తనను కులం పేరుతో దూషించి, దాడి చేశారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేశారు. ఆయన దగ్గర ఎస్సీ కుల ధ్రువపత్రం ఉంది. అయితే సుమారు పదేళ్లుగా పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి క్రైస్తవుడేనని, క్రైస్తవ మతం స్వీకరించిన వ్యక్తికి షెడ్యూల్డ్ కుల హోదా ఉండదని, కుల ధ్రువపత్రం ఇంకా రద్దు కాకపోయినా ఆ చట్టం ఇచ్చే రక్షణ ఆయనకు వర్తించదని హైకోర్టు తేల్చింది. కేసు కొట్టేసింది.

అంతకు అయిదు నెలల ముందు, 2024 నవంబరు 26న, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇదే దిశలో మాట్లాడింది. క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ, ఉద్యోగం కోసం తాను హిందువునని చెప్పి ఎస్సీ ధ్రువపత్రం అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని వ్యాఖ్యానించింది. 2025 నవంబరులో అలహాబాద్ హైకోర్టు మరో అడుగు ముందుకు వేసి, మతం మారాక కూడా ఎస్సీ ప్రయోజనాలు పొందుతున్నవారిని గుర్తించి చర్యలు తీసుకోవాలని ఉత్తరప్రదేశ్ అధికారులను ఆదేశించింది.

ఉన్న చట్టం ప్రకారం చూస్తే ఈ తీర్పుల్లో ఆశ్చర్యపోవాల్సింది తక్కువ. చట్టం అలాగే ఉంది. ఆలోచించాల్సింది చట్టం గురించే. ఒక మనిషి ఏ దేవుణ్ణి నమ్ముకోవాలో తేల్చుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చింది. తరతరాల అంటరానితనానికి పరిహారంగా ప్రభుత్వం కొన్ని రక్షణలు ఇచ్చింది. ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలని అదే ప్రభుత్వం షరతు పెడితే, మొదటి స్వేచ్ఛ ఎంతవరకు స్వేచ్ఛ?

మూడో పేరా కథ

ఈ షరతు ఉన్నది రాజ్యాంగంలో కాదు, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాది రాష్ట్రపతి జారీ చేసిన రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, 1950లో. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. దీనికి మూలం అంతకుముందే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1936లో తెచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనూ భారతీయ క్రైస్తవులను ఆ జాబితా నుంచి మినహాయించారు. అంటే తెల్లదొరల పాలన క్రైస్తవులకు అన్నీ కట్టబెట్టిందనే ప్రచారం ఈ విషయంలో నిలబడదు.

తర్వాత ఈ పేరా రెండుసార్లు మారింది. 1956లో సిక్కు దళితులను చేర్చారు. 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. అంబేడ్కర్ 1956 అక్టోబరులో లక్షలమందితో కలిసి బౌద్ధం స్వీకరించారు. ఆయన వెంట నడిచినవారికి జాతీయ స్థాయిలో ఎస్సీ హోదా తిరిగి దక్కడానికి 34 ఏళ్లు పట్టింది. ఆ ప్రజల వెనకబాటుతనం 1956లో మాయమై 1990లో తిరిగి రాలేదు. మారింది పార్లమెంటు మనసు. క్రైస్తవ, ముస్లిం దళితుల విషయంలో ఆ మనసు నేటికీ మారలేదు.

హోదా పోతే ఏం పోతుందో వివరంగా చూడాలి. చట్టసభల్లోనూ, స్థానిక సంస్థల్లోనూ ఎస్సీలకు కేటాయించిన స్థానాల్లో పోటీ చేసే హక్కు పోతుంది. విద్య, ఉద్యోగాల్లో ఎస్సీ కోటా పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కులం పేరుతో దాడి జరిగినప్పుడు అత్యాచారాల నిరోధక చట్టం అండ పోతుంది. బదులుగా తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన ఎస్సీలను, వారి సంతానాన్ని బీసీ-సి గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపుకు ఉన్న రిజర్వేషన్ 1 శాతం. పదిహేను శాతంలో భాగస్వామిగా ఉన్న కుటుంబం బాప్తిస్మం పుచ్చుకున్నట్టు కాగితం మీద ఒప్పుకున్న రోజు నుంచి ఒక శాతంలోకి జారిపోతుంది.

జనాభా లెక్కలు చెప్పే వింత

ఈ షరతు మనుషుల్ని ఎలా మార్చిందో చూడాలంటే జనాభా లెక్కలు తిరగేస్తే చాలు. 1971 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు నాలుగు శాతానికి పైగా ఉన్నారు, సుమారు 18 లక్షలు. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వాళ్ల వాటా 1.34 శాతానికి పడిపోయింది, సంఖ్య సుమారు 11 లక్షలు. నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపయితే క్రైస్తవుల సంఖ్య మాత్రం లక్షల్లో తగ్గింది. అదే నలభై ఏళ్లలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో కొత్త ప్రార్థనా మందిరాలు ఎన్ని లేచాయో ఆ ఊళ్లలో తిరిగినవారికి చెప్పనక్కర్లేదు.

ఈ వైరుధ్యానికి ఎవరు ఏ వివరణ ఇచ్చినా అందులో కుల ధ్రువపత్రం ప్రస్తావన లేకుండా ఉండదు. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం సోమవారం తహసీల్దార్ ఆఫీసులో హిందూ మాల, హిందూ మాదిగ అని రాయించుకుంటుంది. ఇంట్లో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు. సమాధి మీద సిలువ, సర్వీసు రిజిస్టరులో హిందువు. దీన్ని కొందరు మోసం అంటారు. కొందరు బతుకుతెరువు అంటారు. ఏ పేరు పెట్టినా ఒక విషయం కాదనలేం. ఒక సమాజానికి సమాజమే తన విశ్వాసాన్ని సర్కారు కాగితం మీద దాచుకునే స్థితి వచ్చింది. నమ్మకాన్ని బయటికి చెప్పుకోలేని మత స్వేచ్ఛకు విలువ ఎంత?

దీని పర్యవసానం రాజకీయాల్లోనూ కనిపిస్తుంది. ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన అభ్యర్థి నిజంగా హిందువేనా అని ఓడినవారు కోర్టుకెక్కడం మామూలైంది. కేరళలోని దేవికుళం స్థానం నుంచి గెలిచిన సీపీఎం శాసనసభ్యుడు ఎ.రాజా ఎన్నికను 2023 మార్చిలో కేరళ హైకోర్టు ఆయన క్రైస్తవుడన్న కారణంతో రద్దు చేసింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టింది. చర్చి రిజిస్టర్లు, పెళ్లి ఫొటోలు, అంత్యక్రియల పద్ధతి సాక్ష్యాలుగా మారే ఇలాంటి కేసుల్లో న్యాయమూర్తి చేయాల్సి వచ్చే పని ఏమిటి? ఒక పౌరుడి మనసులో ఏ దేవుడున్నాడో తేల్చడం. సెక్యులర్ రాజ్యాంగం కింద కోర్టుకు ఇంతకంటే ఇబ్బందికరమైన పని మరొకటి ఉండదు.

ఒంగోలు నేర్పిన పాఠం

తెలుగు నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. విశ్వాసం నిజమైనదా, అన్నం కోసమా అన్న అనుమానం దళిత క్రైస్తవాన్ని పుట్టుక నుంచీ వెంటాడుతోంది. అందుకు ఒంగోలు మంచి ఉదాహరణ.

అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ 1860ల్లో అక్కడికి వచ్చారు. చుట్టుపక్కల మాదిగపల్లెల్లో మత ప్రచారానికి దారి వేసింది ఆయన కాదు, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. 1876-78 నాటి భీకర కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. అందులో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించారు. మతం పుచ్చుకుంటామని వచ్చినవాళ్లకు మాత్రం కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుబట్టారు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇందులో గమనించాల్సింది రెండు విషయాలు. ఒకటి, సర్కారు సొమ్ముతో నడిచే సాయానికీ విశ్వాసానికీ మధ్య దూరం ఉండాలని ఆనాటి మిషనరీకే అనిపించింది. రెండు, పల్లెలకు పల్లెలు కదిలింది కాలువ కూలి కోసమే అయితే, కూలి ఆగిన రోజునే ఆ కదలిక ఆగాలి. ఆగలేదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి, నువ్వూ మనిషివేనని చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్న చోటు దొరికింది. అది వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకున్నవారి మనవళ్లకు, మునిమనవళ్లకు స్వతంత్ర భారతం విధించిన మూల్యమే మూడో పేరా.

రక్షణలు వదులుకున్న సమాజం

క్రైస్తవులు ఎప్పుడూ ప్రభుత్వం మీద ఆధారపడాలనే చూశారన్న ఆరోపణ ఉంది. చరిత్ర దీనికి ఎదురు చెబుతుంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా 1912లో దోర్నకల్ బాధ్యతలు చేపట్టిన వి.ఎస్.అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వాలన్న ప్రతిపాదనను వ్యతిరేకించారు. అలా చేస్తే క్రైస్తవులు దేశ జనజీవనం నుంచి వేరుపడి, కేవలం ఓట్ల లెక్కగా మిగిలిపోతారన్నది ఆయన భయం.

రాజ్యాంగ సభలో కూడా అదే ధోరణి కొనసాగింది. అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షత వహించిన హెచ్.సి.ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. చట్టసభల్లో మతపరమైన రిజర్వుడు స్థానాలు వద్దని 1949లో తీర్మానించడంలో ఆయన వంటి క్రైస్తవ నాయకుల పాత్ర ఉంది. వాళ్లు కోరుకున్నది సీట్లు కాదు, మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ. ప్రచారం అన్న మాట మీద రాజ్యాంగ సభలో వాదోపవాదాలు జరిగాయి. చివరికి అది 25వ అధికరణలో నిలిచింది.

ఈ త్యాగాన్ని మెచ్చుకునేటప్పుడు ఒక ప్రశ్న కూడా వేయాలి. వదులుకున్నది ఎవరు, నష్టపోయింది ఎవరు? సభలో మాట్లాడిన నాయకుల్లో ఎక్కువమంది చదువుకున్న పై వర్గాల క్రైస్తవులు. వారికి స్వేచ్ఛ ఒక్కటీ ఉంటే మిగతావి వారి చదువు, పలుకుబడి చూసుకుంటాయి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం పొలాల్లో కూలి చేసే దళిత క్రైస్తవుడికి స్వేచ్ఛతోపాటు ప్రభుత్వ అండ కూడా అవసరం. సమాజంలో సగం మందికి సరిపోయిన సిద్ధాంతం మిగతా సగానికి సంకెల అయింది.

అటువైపు వాదన

మూడో పేరా ఉండాలనేవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం తగదు. అందులో మూడు అంశాలున్నాయి.

మొదటిది సిద్ధాంతపరమైనది. అంటరానితనం హిందూ సమాజ వ్యవస్థలో పుట్టింది. కులం లేదని చెప్పే మతంలోకి వెళ్లాక కులం పేరుతో పరిహారం అడగడం ఎలా కుదురుతుంది? 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఈ దారిలోనే నడిచింది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడికి, హిందూ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు దక్కలేదు. పక్కపక్కనే కూర్చుని అదే పని చేసే ఇద్దరిలో ఒకరికి నీడ వచ్చింది, మరొకరికి రాలేదు. మతం మారాక కూడా అంతే తీవ్రతతో అణచివేత కొనసాగుతోందని రుజువు చేయాలని, ఆ ఆధారాలు తగినన్ని లేవని కోర్టు చెప్పింది.

ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఆధారాలు పోగుపడ్డాయి. జాతీయ మైనారిటీల కమిషన్ కోసం సామాజిక శాస్త్రవేత్త సతీశ్ దేశ్‌పాండే 2008లో ఇచ్చిన నివేదిక, దళిత క్రైస్తవులకు, దళిత ముస్లింలకు హోదా నిరాకరించడానికి తగిన కారణం కనిపించదని చెప్పింది. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. ఆ కమిషన్ సభ్య కార్యదర్శి ఆశా దాస్ మాత్రం దీనితో విభేదించారు. కేంద్రం 2022లో సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో మిశ్రా నివేదికను లోపభూయిష్ఠమని తోసిపుచ్చి, అదే ఏడాది అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ నేతృత్వంలో కొత్త కమిషన్ వేసింది. ఆ కమిషన్ గడువును ఒకటికి మించి సార్లు పొడిగించారు. 2004లో దాఖలైన అసలు పిటిషన్‌కు ఇరవై ఏళ్లు దాటిపోయాయి.

రెండోది వాటాల ప్రశ్న. ఎస్సీ కోటా పెరగకుండా కొత్తవారిని చేరిస్తే ఉన్నవారికి నష్టం. మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ కుటుంబాలు ముందుకు వెళ్లి, చదువులేని హిందూ దళిత కుటుంబాలు వెనకబడతాయన్న ఆందోళన దళిత సంఘాల్లోనే ఉంది. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో వర్గీకరణ అమలు నేపథ్యంలో ఈ ఆందోళనను పట్టించుకోక తప్పదు. అయితే ఇదే వర్గీకరణ తీర్పు ఒక పరిష్కారం కూడా చూపిస్తోంది. జనాభాను బట్టి, వెనకబాటును బట్టి ఎస్సీల్లో ఉపవర్గాలు చేయవచ్చన్నప్పుడు, క్రైస్తవ దళితులకు ప్రత్యేక ఉపవాటా ఇచ్చి మిగతావారి వాటా కాపాడటం అసాధ్యమేమీ కాదు. పైగా తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఇప్పటికే కాగితం మీద ఎస్సీలుగానే ఉన్నారు. వాళ్లు నిజం చెప్పుకునే వీలు కల్పిస్తే జాబితా మీద కొత్తగా పడే భారం అనుకున్నంత ఉండదు.

మూడోది మతమార్పిళ్ల భయం. అడ్డు తొలగిస్తే మార్పిళ్లు పెరుగుతాయని కొందరు బాహాటంగానే అంటారు. ఈ వాదన అన్నిటికంటే నిజాయితీ గలది, అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. ఎందుకంటే రిజర్వేషన్ పరిహారం కోసం కాక, మనుషుల్ని ఒక మతంలో నిలిపి ఉంచడం కోసం ఉందని అది ఒప్పుకుంటుంది. ప్రలోభంతో మతం మార్చడం నేరమైతే, ప్రలోభంతో మతం మారకుండా ఆపడాన్ని ఏమనాలి?

గిరిజనుల విషయం చూస్తే ఈ ద్వంద్వం ఇంకా స్పష్టమవుతుంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. నాగాలాండ్, మిజోరంలలో ఎనిమిదింట ఏడు వంతుల జనం క్రైస్తవులు, వారిలో అత్యధికులు ఎస్టీలే. పాడేరు కొండల్లో క్రైస్తవం స్వీకరించిన ఆదివాసీకి ఎస్టీ హోదా ఉంటుంది. కొండ దిగి మైదానానికి వస్తే దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఇప్పుడు కొన్ని సంస్థలు ఎస్టీల్లోనూ మతం మారినవారిని జాబితా నుంచి తీసేయాలని ఉద్యమిస్తున్నాయి. మూడో పేరా తర్కాన్ని ఒప్పుకుంటే రేపు అటు వెళ్లడానికి అడ్డేమీ ఉండదు.

చర్చి జవాబు చెప్పాల్సిన ప్రశ్న

ప్రభుత్వాన్ని ప్రశ్నించేముందు చర్చి తన ఇల్లు చూసుకోవాలి. మా దగ్గర కులం లేదని వేదిక మీద చెప్పి, ఎస్సీ హోదా కోసం మా దగ్గరా కులం ఉందని పిటిషన్ వేయడం ఆత్మవంచన అవుతుంది. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో చర్చి లోపలే వివక్ష ఉందని ఒప్పుకుంది. దళిత నేపథ్యం నుంచి తొలి కార్డినల్‌గా హైదరాబాద్ ఆర్చిబిషప్ ఆంథోనీ పూల 2022లో నియమితులయ్యారు. రెండు వేల ఏళ్ల చరిత్ర చెప్పుకునే భారత క్రైస్తవంలో, విశ్వాసుల్లో పెద్ద భాగమైన వర్గం ఆ స్థాయికి రావడానికి ఇంతకాలం పట్టింది. తెలుగు నేల మీద కూడా మాల చర్చి, మాదిగ చర్చి అన్న మాటలు ఇంకా వినిపిస్తున్నాయి. పెళ్లి సంబంధాల్లో కులం ముందు వరసలోనే కూర్చుంటుంది.

చర్చి అలవాటు చేసుకుంటున్న మరో ఆధారం గురించి కూడా మాట్లాడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం ఇచ్చే పథకం గత వైసీపీ ప్రభుత్వ హయాంలో మొదలైంది, 2024లో ప్రభుత్వం మారినా కొనసాగుతోంది. జెరూసలేం యాత్రకు సర్కారు సాయం ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. తెలంగాణలో ప్రభుత్వమే క్రిస్మస్ విందులు ఇస్తుంది. ఇతర మతాలకు కూడా ఇలాంటి సాయాలున్నాయి కాబట్టి ఇది వివక్ష అనలేం. కోర్టులు కూడా ఇలాంటి ఖర్చును పూర్తిగా నిషేధించలేదు. హజ్ సబ్సిడీ విషయంలో 2011లో సుప్రీంకోర్టు అది 27వ అధికరణకు విరుద్ధం కాదంది. మరుసటి ఏడాది మరో కేసులో దాన్ని పదేళ్లలో దశలవారీగా ఎత్తివేయాలని చెప్పింది. 2018లో కేంద్రం దాన్ని ఆపేసింది.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతిదీ మేలు చేయదు. పల్లెలో చిన్న సంఘం నడుపుకునే పేద పాస్టరుకు అయిదు వేలు పెద్ద మొత్తమే. ఆ డబ్బు తీసుకోవడం తప్పు కాదు. అయితే ప్రతి నెలా ప్రభుత్వం నుంచి జీతం అందుకునే గొంతు, అదే ప్రభుత్వం తప్పు చేసినప్పుడు ఎంత గట్టిగా పలుకుతుంది? జాబితాలో పేరు ఉండటానికి స్థానిక నాయకుడి దయ కావాల్సిన పాస్టరు, ఆ నాయకుడి మనుషులు మాలపల్లె మీద దాడి చేస్తే ఎవరి పక్షాన నిలబడతాడు? విందుకు పిలిచే చేయి, కుల ధ్రువపత్రం రద్దు చేసే చేయి ఒకటే. మొదటిదాన్ని పట్టుకున్నవాడు రెండోదాన్ని ఆపడం కష్టం.

ఇక్కడ రెండు రకాల ఆధారాల మధ్య తేడా గుర్తించాలి. కులం వల్ల జరిగిన నష్టానికి పౌరుడు హక్కుగా అడిగే పరిహారం ఒకటి. మతపెద్దకు ప్రభుత్వం తన ఇష్టంగా ఇచ్చే కానుక మరొకటి. మొదటిది చట్టంలో ఉండి, కోర్టులో నిలదీయడానికి వీలున్నంతకాలం మనిషిని నిలబెడుతుంది. రెండోది మనిషిని గుమ్మం ముందు నిలబెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో గత పదిహేనేళ్లుగా పార్టీలన్నీ రెండోదాన్ని ధారాళంగా ఇచ్చి మొదటిదాన్ని తీర్మానాలతో సరిపెట్టాయి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చి 24న తీర్మానం చేసింది. 341వ అధికరణ ప్రకారం జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే. తీర్మానం ఢిల్లీకి చేరింది, పనీ అక్కడితో ఆగింది.

మనస్సాక్షికి నోటీసు

ఈ చర్చకు మరో అంచు మతమార్పిడి నిరోధక చట్టాలు. ఒడిశాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో మొదలైన ఈ చట్టాలను 1977లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రచారం చేసుకునే హక్కులో ఇతరుల మతం మార్చే హక్కు లేదంది. ఆ తర్వాత వచ్చిన చట్టాలు ఇంకా ముందుకు వెళ్లాయి. ఉత్తరప్రదేశ్ చట్టం ప్రకారం మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఒక మనిషి తన దేవుణ్ణి మార్చుకోబోతున్నట్టు కలెక్టరుకు ముందస్తు దరఖాస్తు పెట్టుకోవాలన్నమాట. హిమాచల్ ప్రదేశ్‌లో ఇలాంటి నిబంధననే 2012లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ కేసుల్లో కొన్ని ఎఫ్ఐఆర్‌లను రద్దు చేస్తూ సుప్రీంకోర్టు కూడా మతం మారే వ్యక్తి మీద చట్టం మోపుతున్న భారాన్ని ప్రశ్నించింది.

తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. మూడో పేరా ఉండగా దాని అవసరం కూడా పెద్దగా రాదు. అక్కడ కలెక్టరుకు నోటీసు ఇవ్వాలి, ఇక్కడ తహసీల్దారుకు తెలియకుండా చూసుకోవాలి. రెండుచోట్లా విశ్వాసానికి ప్రభుత్వమే కాపలా.

ఏం చేయవచ్చు

బాలకృష్ణన్ కమిషన్ ఏం చెప్పినా చివరి మాట పార్లమెంటుదే. ఈలోగా ఆలోచించదగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు, రక్షణను రిజర్వేషన్ నుంచి వేరు చేయడం. ఉద్యోగ కోటా మీద వాదించుకోవడానికి చోటుంది. కులం పేరుతో కొట్టిన దెబ్బ మీద వాదించడానికి చోటు లేదు. తిట్టేవాడు అవతలి మనిషి బాప్తిస్మ పత్రం అడిగి తిట్టడు. అత్యాచారాల నిరోధక చట్టంలో బాధితుడి నిర్వచనాన్ని పుట్టుకతో ముడిపెట్టి, మతంతో నిమిత్తం లేకుండా సవరించమని కోరితే అందులో ఎవరి వాటా తగ్గదు. వాటాలకు భయపడే దళిత సంఘాలు కూడా ఈ డిమాండుతో కలిసి నడవడానికి అభ్యంతరం ఉండకూడదు.

రెండోది, బీసీ-సి వాటా. ఒక శాతం ఏ లెక్క ప్రకారం సరిపోతుందో తేల్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు. దీనికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. కొత్త లెక్కలు వచ్చాక సమీక్షిస్తామని చెప్పినా అది ఒక తీర్మానం కంటే విలువైనది. మూడోది, చర్చి తన బడుల్లో, ఆసుపత్రుల్లో, కమిటీల్లో దళితుల వాటా ఎంతో బయటపెట్టడం. ప్రభుత్వాన్ని న్యాయం అడిగే సంస్థ తన దగ్గరున్న న్యాయాన్ని ముందు పంచాలి.

2027లో జరిగే జనగణనలో కులం లెక్క కూడా తీస్తామని కేంద్రం ప్రకటించింది. ఎన్యూమరేటర్ ఇంటికి వచ్చి మతం ఏమిటని అడుగుతారు, కులం ఏమిటని అడుగుతారు. జనగణన నిబంధనల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారినే ఎస్సీలుగా నమోదు చేస్తారు. తీర్పుల తర్వాత తీర్పులు వస్తున్న ఈ కాలంలో, ఉద్యోగంలో ఉన్న కొడుకును, కాలేజీలో ఉన్న కూతురిని తలచుకుని ఒక దళిత క్రైస్తవ తల్లి ఆ రెండు ప్రశ్నలకు ఏం జవాబు చెబుతుంది? నిజం చెబితే నష్టపోతానని ఆమె అనుకున్నంతకాలం ఆ గణాంకాలు దేశానికి నిజం చెప్పవు. ఆ లెక్కల మీద కట్టే విధానాలూ నిజం మీద నిలబడవు.